పాలపొడి మొదలుపెట్టిన మూడు రోజులకే దూడకి పారుడు, పొడి మార్చాలా?

తెల్లమచ్చ
పెయ్యదూడ పుట్టి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మొదటి ఐదు రోజులు తల్లి పాలే తాపాం. ఆరో రోజు పొద్దున్నుంచి పూర్తిగా మిల్క్ రీప్లేసర్ (తల్లి పాలకి బదులు నీళ్లలో కలిపి తాపే పొడి) మీదకి మార్చాం. బస్తా మీద రాసినట్టే లీటరుకి 125, పూటకి రెండు లీటర్లు, రోజుకి రెండు పూటలు. నిన్న సాయంత్రం నుంచి పసుప్పచ్చగా, నీళ్లలా పారుతోంది. తోకంతా అంటుకుపోయింది. తాగడం మాత్రం ఆపలేదు. బకెట్ అడుగు కూడా నాకేస్తోంది. తాగాక గోడ నాకుతుంది, నా చొక్కా అంచు నోట్లో పెట్టుకుని లాగుతుంది. పొడే బాగోలేదని ఇంట్లో అందరి తీర్పు. బస్తా కొత్తది, వాసన కూడా బాగానే ఉంది. వేరే పొడి తెమ్మంటారా, మళ్లీ ఆవు పాలకే వెళ్లిపొమ్మంటారా?

దాణాబస్తా
పొడి మార్చెయ్. నాకూ ఇలాగే అయింది, మార్చిన నాలుగు రోజులకి తగ్గింది.

గంగడోలు
నాలుగు రోజులైతే మార్చకపోయినా తగ్గేదేమో అన్నా 😄

పాతకాపు
ముందు ఒక రోజు పాలు పూర్తిగా ఆపు. కడుపు ఖాళీ అయితే పారుడు దానంతటదే కడుతుంది. మా నాన్న అదే చేశాడు, ముప్పై ఏళ్లుగా నేనూ అదే చేస్తున్నాను.

లేగమ్మ
పాతకాపు గారూ, మిగతా విషయాల్లో మీ మాట కాదనను గానీ ఇది మాత్రం వద్దండి. పారే దూడ ఒంట్లోంచి నీళ్లూ ఉప్పులూ పోతుంటాయి. పైగా పాలు కూడా ఆపేస్తే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? వారం పది రోజుల దూడకి ఒంట్లో దాచుకున్న కొవ్వు ఏమంత ఉండదు. నేనూ ఒకప్పుడు ఆపేదాన్ని. పారుడు తగ్గినట్టే కనబడేది, దూడ మాత్రం మూడో రోజుకి లేవలేకపోయేది. అసలు తగ్గింది పారుడు కాదు, లోపల పారడానికి ఏమీ మిగల్లేదంతే.

పాలు పూట ప్రకారం ఇస్తూనే, మధ్యలో ఎలక్ట్రోలైట్ ద్రావణం (ఒంట్లోంచి పోయిన ఉప్పుల్ని తిరిగిచ్చే నీళ్లు) ఒకటిన్నర రెండు లీటర్లు విడిగా తాపండి. పాలకీ దానికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. పాలలో కలిపేయకండి. చాలా ఎలక్ట్రోలైట్ పొడుల్లో బైకార్బొనేట్ ఉంటుంది, దాంతో కడుపులో పాలు గడ్డకట్టవు.

కాంపౌండర్_కబుర్లు
పొడి సంగతి తర్వాత. ముందు దూడ ఎలా ఉందో చెప్పండి. కళ్లు లోపలికి పోయాయా? మెడ మీద చర్మం చిటికెడు పట్టుకుని వదలండి, రెండు సెకన్లలోపు మామూలైపోతుందా, గుడారంలా నిలబడుతుందా? నోట్లో వేలు పెడితే వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, గట్టిగా చీకుతోందా? జ్వరం ఎంత? దూడకి 38.5 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. పేడలో రక్తం ఏమైనా ఉందా?

తెల్లమచ్చ
చూశాను. కళ్లు బాగానే ఉన్నాయి. చర్మం వెంటనే వెళ్లిపోయింది. వేలు పెడితే వదల్లేదు, కొరికేసింది. 39.2. రక్తం లేదు.

కాంపౌండర్_కబుర్లు
అయితే కంగారు లేదు, టైముంది. లేగమ్మ గారు చెప్పినట్టు ఎలక్ట్రోలైట్ మొదలుపెట్టండి. కళ్లు గుంటలు పడినా, నిలబడలేకపోయినా, చీకడం మానేసినా ఇక్కడ పోస్ట్ పెట్టి కూర్చోకండి, వెంటనే డాక్టర్‌ని పిలవండి. అప్పుడు నరానికి సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది, నోటితో పోసింది చాలదు.

ఇంకో మాట. ఈ వయసు దూడకి పారుడంటే అంతా పాల వల్లే కాదు. మొదటి నాలుగైదు రోజుల్లో వచ్చేది ఎక్కువగా ఇ.కోలై అనే బాక్టీరియా వల్ల. వారం నుంచి రెండు వారాల మధ్య రోటావైరస్, క్రిప్టోస్పొరిడియం (క్రిప్టో) అనే పరాన్నజీవి. ఈ రెండింటి మీదా మామూలు యాంటీబయాటిక్ పనిచేయదు, కాబట్టి ఇంట్లో మిగిలిన సూది మందు తీసి పొడిచేయకండి. క్రిప్టో మనుషులకీ అంటుకుంటుంది. దూడ దగ్గర పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల్ని దాని దగ్గర ఆడనివ్వకూడదు. పేడ శాంపిల్ పరీక్షకి ఇవ్వగలిగితే ఇవ్వండి.

ముర్రుపాలు ఎప్పుడు తాగింది?

తెల్లమచ్చ
రాత్రి ఈనింది. మేం చూసేసరికి తెల్లారింది, దూడ ఒళ్లు అప్పటికే ఆరిపోయి ఉంది. మేం పట్టించేసరికి అయిదారు గంటలు అయి ఉంటుంది. తల్లి దగ్గర అదే తాగిందేమో తెలీదు.

కాంపౌండర్_కబుర్లు
ఆవు కడుపులో ఉండగా దూడకి తల్లి నుంచి రోగనిరోధకాలు అందవు. వచ్చేదంతా ముర్రుపాలతోనే. దూడ పేగు వాటిని యథాతథంగా లోపలికి రానిచ్చేది పుట్టిన మొదటి గంటల్లో, ఆ తర్వాత గంటగంటకీ తగ్గిపోయి ఒక రోజు దాటేసరికి దాదాపు మూసుకుపోతుంది. మొదటి రెండు గంటల్లో పట్టించి ఉంటే బాగుండేది. ఇప్పుడు అనుకుని లాభం లేదు, మీ దూడ కొంచెం నాజూకని మాత్రం గుర్తుపెట్టుకోండి.

తూకంరాయి
అందరూ ఒకటి వదిలేశారు. లీటరుకి 125 అన్నారు. 125 ఏమిటి?

తెల్లమచ్చ
125 గ్రాములు. కప్పు ఉంది కదా, 125 అని గీత ఉంటుంది. గీత దాకా పొడి నింపి పోస్తాం.

తూకంరాయి
ఆ కప్పు ఎక్కడిది, బస్తాతో వచ్చిందా?

తెల్లమచ్చ
కాదు, ఇంట్లోదే. ప్లాస్టిక్ కొలత కప్పు.

తూకంరాయి
గీత పక్కన ఏం రాసి ఉందో చూసి చెప్పండి. ఇంట్లో కాటా ఉంటే అదే కప్పు పొడి దాని మీద పెట్టండి. ఖాళీ కప్పు బరువు తీసెయ్యడం మర్చిపోవద్దు.

గంగడోలు
ఏదో తేలేలా ఉంది. కూర్చున్నా.

తెల్లమచ్చ
మిల్లీలీటర్లు అని రాసి ఉంది. 😐
మూడు సార్లు తూచాను. 66, 69, 68 గ్రాములు.

గంగడోలు
దూడ చొక్కా ఎందుకు లాగిందో ఇప్పుడు తెలిసింది.

తూకంరాయి
అనుకున్నాను. పొడి తేలిక, 125 మిల్లీలీటర్ల చోటులో 125 గ్రాములు పట్టదు. కంపెనీ మారితే ఆ బరువు మళ్లీ మారుతుంది. బస్తా అడుగున కూరుకుపోయిన పొడికీ, పైన వదులుగా ఉన్న పొడికీ కూడా తేడా వస్తుంది. అందుకే కప్పుని నమ్మకూడదు, ఒకసారి తూచి ఆ పొడికి ఆ కప్పు మీద గీత గీసుకోవాలి. కొత్త బస్తా విప్పినప్పుడల్లా మళ్లీ తూచాలి.

లెక్క చూడండి. రోజుకి నాలుగు లీటర్లు, లీటరుకి 125 గ్రాములంటే 500 గ్రాముల పొడి. మీ దూడకి దక్కుతున్నది 270 గ్రాములు. 40 కిలోల దూడకి 500 గ్రాములంటేనే బతికి కాస్త పెరగడానికి సరిపోతుంది. 270 అంటే పస్తు పెట్టినట్టే.

దాణాబస్తా
పలచగా ఉంటే ఆకలి వేస్తుంది గానీ పారుడు ఎందుకు పట్టుకుంటుంది? నా డౌట్ ఇంకా పొడి మీదే.

తూకంరాయి
మంచి ప్రశ్నే. తెల్లమచ్చ గారూ, రెండు పూటలూ మీరే కలుపుతారా?

తెల్లమచ్చ
పొద్దున నేను. సాయంత్రం మా తమ్ముడు. వాణ్ణి అడిగి వస్తా.

తెల్లమచ్చ
అడిగాను. వాడు కప్పే వాడడంట. "పలచగా కనబడితే ఇంకో రెండు గుప్పిళ్లు వేస్తా, చిక్కగా ఉంటేనే బలం" అన్నాడు. ఎన్ని గుప్పిళ్లని అడిగితే చెయ్యి చూపించాడు. వాడు వేసినట్టే వేయించి తూచాను. రెండు లీటర్లకి 430 గ్రాములు.

గంగడోలు
పొద్దున ఉపవాసం, సాయంత్రం విందు. ఈ దూడకి పారుడు రాకపోతే ఆశ్చర్యపోవాలి.

తూకంరాయి
దాణాబస్తా అన్నా, జవాబు వచ్చింది. పొద్దున లీటరుకి 68, సాయంత్రం 215. మూడింతల తేడా. మరీ చిక్కటి పాలు పేగులోకి నీళ్లు లాగుతాయి, నాలుగో పొట్టలోంచి నెమ్మదిగా కదులుతాయి, లోపల పులిసి ఉబ్బరం కూడా రావచ్చు. పక్కన తాగడానికి నీళ్లు లేకపోతే మరీ ప్రమాదం. లీటరుకి 125 నుంచి 150 గ్రాముల మధ్య ఏదో ఒకటి ఎంచుకుని, ప్రతి పూటా అదే ఇవ్వండి. దూడ కడుపు దేనికైనా అలవాటు పడుతుంది గానీ పూటకో రకానికి పడదు.

కాంపౌండర్_కబుర్లు
అయినా రోటా, క్రిప్టో లేవని దీంతో తేలిపోలేదు. కొలత తప్పూ, క్రిమీ రెండూ ఉండొచ్చు. సరిగా తిండి లేని దూడకి అవి ఇంకా తొందరగా అంటుకుంటాయి. శాంపిల్ మాట మర్చిపోకండి.

పలుపుతాడు
లీటరుకి 125 అన్న దగ్గర ఇంకో మడతపేచీ. లీటరు నీళ్లలో 125 గ్రాములు వేయడం వేరు, 125 గ్రాములు వేసి మొత్తం లీటరు అయ్యేలా నీళ్లు పోయడం వేరు. మొదటి పద్ధతిలో వందకి 11 పాళ్లే పొడి, రెండోదాంట్లో పన్నెండున్నర. బస్తా మీద ఏది రాశారో చదవాలి.

నేను చేసేది: పోయాల్సిన నీళ్లలో సగం వేడివి బకెట్లో ముందు పోస్తా, పొడి వేసి కవ్వం లాంటి దాంతో ఉండలు కట్టకుండా గిలకొడతా, తర్వాత మిగతా నీళ్లతో గీత దాకా నింపుతా. నీళ్లు ముందు, పొడి తర్వాత. తిరగేస్తే అడుగున ముద్ద కట్టి కూర్చుంటుంది.

తెల్లమచ్చ
నీళ్లు ఎంత వేడి ఉండాలి? మేం మరగబెట్టి పోస్తున్నాం, క్రిములు ఉండవని.

పలుపుతాడు
అయ్యో. మరిగే నీళ్లు పోస్తే పొడిలో ప్రొటీన్ దెబ్బతింటుంది. మరీ చల్లటివైతే కొవ్వు కరగక పైన తెట్టులా తేలుతుంది. చాలా పొడులకి కలిపే నీళ్లు 45 నుంచి 50 డిగ్రీలు అంటారు, కొన్నింటికి ఇంకాస్త ఎక్కువ, బస్తానే ప్రమాణం. కావాలంటే మరగబెట్టి చల్లార్చుకోండి. దూడ నోటికి చేరేసరికి 38 నుంచి 40 డిగ్రీలు ఉండాలి. చేత్తో చూసి చెప్పడం అయ్యే పని కాదు. చలిలో మన చెయ్యి గడ్డకట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లు కూడా కాలుతున్నట్టే ఉంటాయి. ఒక థర్మామీటర్ కొనుక్కోండి.

బర్రెబాబాయ్
మాది గేదెల కొట్టం. గేదె పాలలో ఏడు శాతం దాకా వెన్న ఉంటుంది. వాటి నుంచి ఆవుదూడల పొడికి మారిస్తే మా దున్నపిల్లలు మొహం తిప్పేశాయి. అయిదు రోజులు కొంచెం కొంచెం కలిపి మార్చాల్సి వచ్చింది.
గేదె దూడలున్నవాళ్లకి ఒకమాట, పారుడు అనగానే పాలని తిట్టకండి. పెద్ద ఏలికపాములు తల్లి పాలలోంచే దూడకి వస్తాయి. మట్టి రంగు పేడ, దుర్వాసన, పొట్ట ఉబ్బి ఒళ్లు చిక్కడం. రెండు వారాల వయసులో డాక్టర్‌ని అడిగి నట్టల మందు తాపాల్సిందే.

లేగమ్మ
మార్చడం గురించి బర్రెబాబాయ్ చెప్పింది ఆవుదూడకీ అంతే. ఆరో రోజు పొద్దున ఒక్కసారిగా పూర్తిగా మార్చడం కూడా మీ తప్పుల్లో ఒకటి తెల్లమచ్చ గారూ. మొదటి రోజు పావు వంతు పొడిపాలు, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు. మూడు నాలుగు రోజులు పట్టినా పర్వాలేదు.

దాణాబస్తా
అందరూ కొలతలే చెబుతున్నారు. అసలు పొడిలో ఏముందో ఎవరూ అడగరేం? నాకు మార్చాక తగ్గిందంటే ఊరికే కాదు. పాత బస్తాలో సోయా ప్రొటీన్ ఉంది. మూడు వారాల లోపు దూడకి సోయా, గోధుమ ప్రొటీన్ సరిగా అరగవు. పిండి పదార్థం అసలే అరగదు.

తూకంరాయి
ఇది మాత్రం ఒప్పుకుంటాను అన్నా. బస్తా వెనక చదవాల్సింది మూడు ముక్కలు. ప్రొటీన్ 20 శాతం పైన, కొవ్వు 15 నుంచి 20 దాకా, పీచు దాదాపు లేనట్టు ఉండాలి. పీచు అర శాతం దాటి కనబడితే మొక్కల ప్రొటీన్ కలిసిందేమోనని పదార్థాల పట్టిక చదవాలి. వెన్న తీసిన పాలపొడి, వే (పాలు విరిగాక మిగిలే నీళ్లు) పొడి, వే ప్రొటీన్ పైవరసలో ఉంటే చిన్న దూడకి నిశ్చింత.

పాతకాపు
ఇన్ని తిప్పలెందుకు? ఆవు పాలు తాపితే సరి.

తూకంరాయి
తాపగలిగితే అంతకంటే ఏం కావాలి. లీటరుకి లీటరు లెక్క పెడితే ఆవు పాలదే పైచేయి. నీరంతా తీసేస్తే ఆవు పాలలో ప్రొటీన్ 25 శాతం చుట్టూ, కొవ్వు 30 చుట్టూ. పొడిలో కొవ్వు 15, 20. అంటే అంతే పొడి కలిపినా శక్తి తక్కువ. అందుకే పొడి తాపేవాళ్లు నాలుగు లీటర్ల దగ్గరే ఆగిపోకూడదు, మెల్లగా ఆరుకి పెంచాలి. చలి రోజుల్లో మరీ. రెండు మూడు వారాల దూడకి 15 డిగ్రీల కంటే చల్లబడితే ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే శక్తి ఖర్చవుతుంది.

పాతకాపు
రోగం తగిలిన ఆవు పాలు, ఇంజెక్షన్ వేసిన ఆవు పాలు దూడకి పోస్తాం కదా, అవి ఎటూ పారబోసేవే.

కాంపౌండర్_కబుర్లు
ఆ పాలలో మందు అవశేషాలుంటాయి, పొదుగువాపు క్రిములూ ఉంటాయి. దూడ పేగులో మందుకి లొంగని క్రిములు తయారవుతాయి. దూడకి పోయకపోవడమే మంచిదండి.

పాతకాపు
సరే, వినను అనను. ఆలోచిస్తా.

గంగడోలు
పాతకాపు బాబాయ్ ఆలోచిస్తానన్నాడు, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మూగజీవి
బకెట్‌లో తాగుతోంది అన్నారు. నేల మీద పెడుతున్నారా?

తెల్లమచ్చ
అవును. తల దించి తాగుతుంది. రెండు నిమిషాల్లో ఖాళీ.

మూగజీవి
వీలైతే పాలపీకకి మార్చండి. దూడ మెడ చాచి చీకినప్పుడు గొంతు దిగువన ఒక గాడి ముడుచుకుని గొట్టంలా అవుతుంది. పాలు మొదటి పొట్టలో పడకుండా నేరుగా నాలుగో పొట్టకి వెళ్తాయి. గడగడా తాగినా, పాలు చల్లగా ఉన్నా ఆ గాడి సరిగా మూసుకోకపోవచ్చు. పాలు మొదటి పొట్టలో పడితే అక్కడ కుళ్లి, దూడ పొట్ట ఎడమవైపు ఉబ్బి, పేడ బంకమట్టిలా వస్తుంది. పీకని తల్లి పొదుగు ఎత్తులో కట్టండి. చీకే కోరిక తీరితే గోడలూ చొక్కాలూ పక్క దూడ చెవులూ కొంత మానేస్తుంది.

పీక చిల్లు మాత్రం పెద్దది చేయకండి. నా కథ చెబుతాను. త్వరగా అవుతుందని బ్లేడుతో చిల్లు అడ్డంగా కోశాను. దూడ దగ్గుతూ తాగేది, ఆత్రం అనుకున్నాను. అయిదో రోజుకి ముక్కులోంచి పాలచుక్క, ఆయాసం. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. దక్కలేదు. రోజుకి నాలుగు నిమిషాలు మిగిల్చుకోడానికి చేసిన పని అది. సీసా తలకిందులుగా పట్టుకుంటే పాలు ధారగా కారకూడదు, బొట్టు బొట్టుగా పడాలి.

లేగమ్మ
😔

పలుపుతాడు
బకెట్, పీక కడగడం మీద ఒక్క ముక్క. ముందే మరిగే నీళ్లు పోయకండి. పాలలో ప్రొటీన్ అంచులకి ఉడికి అతుక్కుపోతుంది, కంటికి కనబడని పొరలా పేరుకుంటుంది. ముందు గోరువెచ్చని నీళ్లతో తొలచాలి, తర్వాత వేడి నీళ్లు, సబ్బుపొడి, బ్రష్. ఆఖర్న బోర్లించి ఆరబెట్టాలి. పీక లోపల వేలు పెట్టి చూడండి, జిగటగా తగిలిందంటే కడగనట్టే.

తెల్లమచ్చ
జిగటగానే ఉంది మా బకెట్ అంచు. నాకు తల తిరుగుతోంది. ఒక్క దూడని సాకడానికి ఇంత ఉందా.

బర్రెబాబాయ్
మొదటి రెండు నెలలే. తర్వాత అది నిన్ను సాకుతుంది.

లేగమ్మ
ఇంకో రెండు చెప్పి ఆపేస్తాను. మొదటి వారం నుంచే పక్కన మంచినీళ్లు పెట్టండి. పాలు ఎన్ని తాగినా విడిగా నీళ్లు కావాల్సిందే, మొదటి పొట్ట పెరగడానికి ఆ నీళ్లే ఆధారం. దూడల దాణా గుప్పెడు చాలు, రోజూ మిగిలింది తీసేసి కొత్తది వేయండి. మొదట్లో వాసన చూసి వదిలేస్తుంది, అయినా పెట్టండి. పాలు మాన్పించడం వయసు చూసి కాదు, దాణా చూసి. వరసగా మూడు రోజులు కిలోకి తగ్గకుండా తింటుంటే అప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు.

తెల్లమచ్చ
నాలుగో రోజు అప్‌డేట్. పొడి మార్చలేదు. కాటా మీద తూచి లీటరుకి 125 గ్రాములు, రెండు పూటలూ ఒకటే. పూటకి తగ్గ పొడిని ముందే సంచుల్లో తూచి పెట్టేస్తున్నా, తమ్ముడు విప్పి పోయడమే. మూడు రోజులు సగం ఆవు పాలు కలిపాం, మధ్యాహ్నం ఎలక్ట్రోలైట్. పీక తెచ్చాం. శాంపిల్‌లో క్రిప్టో వచ్చింది, కాంపౌండర్ గారు అన్నట్టే కొలత తప్పూ, క్రిమీ రెండూ ఉన్నాయి. డాక్టర్ వచ్చి చూసి, ఇదే పద్ధతి కొనసాగించమన్నారు. నిన్నటి నుంచి పేడ ముద్దగా పడుతోంది. నాలుగు లీటర్లూ తాగి పడుకుంటోంది, చొక్కా జోలికి రావట్లేదు.

దాణాబస్తా
పొడి మార్చకుండానే తగ్గింది. సరే, ఈసారికి నేను ఓడిపోయా.

పాతకాపు
తమ్ముడు ఏమంటున్నాడు?

తెల్లమచ్చ
సంచి కట్టిన ముడి గట్టిగా ఉందని గొణుగుతున్నాడు. నిన్న "ఒక్క గుప్పెడు" అన్నాడు, కాటా చూపించా.

గంగడోలు
ఆ 125 కప్పు ఏం చేశారు?

తెల్లమచ్చ
నీళ్లు కొలుస్తున్నా. దాని మీద రాసింది అదే కదా.